ఈ గొంగడి ఏ మందది?
(ఉన్ని జాడ గొర్రె నుంచి మగ్గం దాకా: పాల సంఘ సభ్యులకు కొన్ని మాటలు)

మా ఇల్లు ఎర్రగడ్డలో. ఆదివారం వస్తే అక్కడ పెద్ద అంగడి సాగుతుంది. పాత ఇనుము, పాత రేడియోలు, పాత బట్టలు, ఏది కావాలన్నా దొరుకుతుంది. మొన్న చలికాలంలో ఒక ఆదివారం కూరగాయలకు పోయి, బట్టల కుప్ప ముందర ఆగాను. ఒక పక్క స్వెటర్లు, ఒక పక్క నల్లటి కంబళ్లు. నా పక్కన ఒక కుర్రవాడు కంబళ్లు తిరగేస్తున్నాడు. సినిమాలకు దుస్తులు సమకూర్చే పని అతనిది. కృష్ణానగర్ నుంచి వచ్చాడు. గొర్ల కాపరి వేషానికి నాలుగు గొంగళ్లు కావాలట.

"ఇది ఉన్నేనా, తమ్ముడూ?" అని అడిగాను.

"ఏదైతే ఏంది సార్, కెమెరాకు నల్లగ కనిపిస్తే చాలు" అన్నాడు.

అతని మాటలో తప్పు లేదు. అతనికి కావలసింది నలుపు. "మా భూమి" నాటి నుంచి తెలంగాణ పల్లెను చూపే సినిమాలో గొంగడి భుజం మీద కనిపిస్తూనే ఉన్నది. కాని వానలో మంద వెంట నిలబడేవానికి నలుపు ఒక్కటే చాలదు. ఎక్కువ ధర పెట్టి "ఇది మన పల్లె ఉన్ని" అని నమ్మి కొనేవారికీ చాలదు. నేను ఒక దారం పోగు పీకి, ఇంటికి వచ్చి వెలిగించి చూశాను. కరిగి గట్టి పూసలాగ ముద్దకట్టింది. అది ఆక్రిలిక్. గొర్రె ముఖం చూడనిది.

మన సభ్యుల్లో పాడితో పాటు గొర్రెలు ఉన్నవారు చాలామంది ఉన్నారు. వారిలో కొందరు ఈ మధ్య సంఘ సమావేశాల్లో ఒక ప్రశ్న వేస్తున్నారు: "మా ఉన్ని ఎవరూ కొనడం లేదు. పట్నంలో మాత్రం అసలైన గొంగడి అని వేల రూపాయలు చెప్తున్నారు. మధ్యలో ఏం జరుగుతున్నది?" ఈ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే ఉన్ని జాడ ఎలా పట్టాలో తెలుసుకోవాలి. పాల సంఘం నడిపినవారికి ఇది కష్టమైన పాఠం కాదు.

మన ఉన్ని, మన గొర్రె

మన రాష్ట్రాల్లో గొర్రె జాతులను రెండు రకాలుగా అనుకోవచ్చు. నెల్లూరు గొర్రె పొడుగు కాళ్లది, మాంసానికి మంచిది. దాని ఒంటి మీద ఉండేది వెంట్రుకే, ఉన్ని కాదు. దక్కని గొర్రె మెట్ట ప్రాంతపు గొర్రె. ఎక్కువగా నల్లగా ఉంటుంది. కరువును, దూరపు నడకను ఓర్చుకుంటుంది. దాని ఉన్నితోనే గొంగడి తయారవుతుంది.

దక్కని ఉన్ని ముతక. స్వెటర్లకు వాడే మెరినో ఉన్ని పోగు మందం సాధారణంగా 24 మైక్రాన్లకు లోపు ఉంటే, దక్కని పోగు 30 మైక్రాన్లు దాటుతుంది. అందుకే అది ఒంటికి గుచ్చుకుంటుంది. దిగుబడి కూడా తక్కువ, ఒక గొర్రెకు ఏడాదికి అరకిలోకు కాస్త అటూ ఇటూ. అయినా ఆ ముతకదనమే దాని బలం. గొంగడి వానకు కొప్పెర, చలికి దుప్పటి, రాత్రికి పరుపు, గింజలు మోయడానికి సంచి. కురుమలు ఇలవేల్పు బీరప్పకు మొక్కేది, మందను కాసేది, పెళ్లిలో కూర్చునేది దాని మీదనే.

ఈ గొర్రె తగ్గిపోతున్నది. మాంసానికి గిరాకీ పెరిగిన కొద్దీ కాపరులు దక్కని మందల్లో నెల్లూరు పొట్టేలును వదిలారు. పిల్లలు బరువు తూగాయి. కాని రెండు మూడు తరాలకు ఒంటి మీద ఉన్ని పోయింది. 2017లో తెలంగాణలో మొదలైన గొర్రెల పంపిణీ పథకం కూడా మాంసం, ఆదాయం దృష్టిలో పెట్టుకున్నదే. 2019 పశుగణనలో దాదాపు 1 కోటి 91 లక్షల గొర్రెలతో తెలంగాణ దేశంలో మొదటి స్థానంలో నిలిచింది. గొర్రెలు ఇన్ని ఉన్నా, ఉన్ని కావలసిన మగ్గానికి ఉన్ని దొరకడం కష్టమవుతున్నది. దొరికిన చోట కొనేవాడు లేడు. కత్తెర వేసినవానికి ఇచ్చే కూలి ఉన్ని ధర కంటె ఎక్కువైతే కాపరి ఏం చేస్తాడు? ఉన్నిని కంప మీద పారేస్తాడు. ఇది చాలా ఊళ్లలో కళ్లారా చూస్తున్నదే.

ఉన్ని ఎన్ని చేతులు మారుతుంది?

మొదటి చేయి కాపరిది. సాధారణంగా ఏడాదికి రెండు సార్లు కత్తెర వేస్తారు. అంతకు ముందు మందను వాగులోనో చెరువులోనో దింపి కడుగుతారు. ఇలా కడిగితే మట్టి, పిసర్లు చాలావరకు పోతాయి. మెరినో ఉన్నిలో జిడ్డు ఎక్కువ. దక్కని ఉన్నిలో జిడ్డు తక్కువ.

రెండవ చేయి ఉన్నిని ఏరి, రంగుల వారీగా విడదీసి, ఏకేవారిది. నలుపు, గోధుమ, తెలుపు వేరు చేయాలి. మొదటిసారి కత్తెర పడిన పిల్ల ఉన్ని మెత్తగా ఉంటుంది, దానిని ప్రత్యేకంగా ఉంచుతారు.

మూడవ చేయి వడికే ఆడవారిది. రాట్నం మీద గంటల కొద్దీ కూర్చుంటే గాని ఒక గొంగడికి చాలినంత నూలు రాదు. మొత్తం పనిలో ఎక్కువ కాలం తినేది, తక్కువ కూలి దొరికేది ఇదే.

నాలుగవ చేయి నేతగానిది. పడుగుకు చింతగింజల గంజి పట్టించి, ఆరబెట్టి, గుంత మగ్గం మీద నేస్తాడు. ఆ గంజి వల్లనే గొంగడి బిరుసుగా ఉండి వాన నీటిని కొంత ఆపుతుంది.

ఐదవ చేయి అమ్మేవానిది. మనం చూసే ధర ఈ చేతిలోనే ఉంటుంది. మిగిలిన నాలుగు చేతులకు ఎంత ముట్టిందో ఆ ధర చెప్పదు.

స్వచ్ఛత వేరు, జాడ వేరు

ఇక్కడ సభ్యులు ఒక తేడాను గట్టిగా పట్టుకోవాలి. లాక్టోమీటరు ముంచితే పాలలో నీళ్లు కలిపారా అన్నది తెలుస్తుంది. వెన్న శాతం చూస్తే చిక్కదనం తెలుస్తుంది. కాని ఆ పాలు ఎవరి బర్రెవి అన్నది ఏ యంత్రమూ చెప్పదు. అది చెప్పేది మన పాల పుస్తకం, సభ్యుని నంబరు, క్యాను మీది గుర్తు.

ఉన్నికీ అంతే. పోగు వెలిగిస్తే వెంట్రుక కాలిన వాసన వచ్చి, నలిపితే బూడిద అయితే అది ఉన్ని అని చెప్పవచ్చు. ఏ ఊరి గొర్రెది, ఆ గొర్రెను ఎలా చూశారు, వడికిన ఆమెకు కూలి ముట్టిందా అన్నది నిప్పు చెప్పదు. అది కాగితమే చెప్పాలి.

గుర్తులు కూడా ఒకటి కావు. 1964లో వచ్చిన ఊల్‌మార్క్ ఉన్ని నాణ్యతకు సంబంధించినది. 2006లో మన ప్రభుత్వం పెట్టిన చేనేత గుర్తు మగ్గం మీద నేశారని చెప్పేది. వరంగల్ దరీలకు 2018లో వచ్చిన భౌగోళిక గుర్తింపు ప్రాంతాన్ని చెప్పేది. ఒక్కొక్కటి ఒక్కొక్క ప్రశ్నకే జవాబు. ఒక దానిని చూపి ఇంకొక దాని జవాబు చెప్పడమే మోసానికి మొదటి మెట్టు.

నేను చేసిన పొరపాటు

ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకు ఒక ఉన్ని నేత సంఘం తనిఖీ అప్పగించారు. సహకార డిప్లొమా చేతికి వచ్చి ఎంతో కాలం కాలేదు. నగదు పుస్తకం చూశాను, రసీదులు చూశాను, బ్యాంకు నిల్వ సరిపోయింది. పైసా తేడా లేదు. సంతోషంగా సంతకం పెట్టి, బయట వేపచెట్టు కింద కూర్చున్నాను. అక్కడ ఒక ముసలి కాపరి ఉన్నాడు.

"పైసల లెక్క చూసినవ్ గద సారూ, ఉన్ని లెక్క చూసినవా?" అన్నాడు.

"ఏం తాతా, అట్ల అడుగుతున్నవు?"

"మా మందల కాడ ఉన్నే లేదు. ఇన్ని గొంగళ్లు యాడికెల్లి వచ్చినయి?"

లోపలికి పోయి మళ్లీ పుస్తకాలు తీశాను. ఆ ఏడాది కొన్న ఉన్ని 400 కిలోల లోపు. నేసినట్టు రాసిన గొంగళ్లు 280. ఒక్కొక్కటి రెండున్నర కిలోలు అనుకున్నా 700 కిలోలు. మిగిలినదంతా బయటి నుంచి వచ్చిన మిల్లు నూలు. చిల్లర సామాను పద్దులో పడి ఉన్నది. డబ్బు ఎవరూ తినలేదు. ఆర్డరు గడువు ముంచుకొచ్చింది, ఉన్ని దొరకలేదు, కార్యదర్శి నూలు తెప్పించాడు. చీటీ మీద మాత్రం "స్థానిక ఉన్ని" అనే రాశారు.

నా నివేదిక సవరించాను. కాని ఆలస్యమైపోయింది. సరుకు తీసుకున్నవారు తమంతట తామే సంగతి కనిపెట్టి, తరువాతి ఆర్డరు ఆపేశారు. ఆ దెబ్బకు ముందుగా కూలి పోయింది వడికే ఆడవారికి. మిల్లు నూలు వచ్చిన నాడూ వారికే పని పోయింది, ఆర్డరు ఆగిన నాడూ వారికే పోయింది. రెండేళ్లకు సంఘం మూతపడింది. సరుకు లెక్క చూడకుండా పైసల లెక్క మీద సంతకం పెట్టకూడదని ఆ ముసలి కాపరి నాకు నేర్పాడు. తరగతి గదిలో విన్నదే, చెట్టు కింద అర్థమైంది.

బయటి దేశాల్లో ఏం చేస్తున్నారు?

ఆస్ట్రేలియాలో ఉన్ని బేలు మీద ఆ క్షేత్రం గుర్తు ముద్రించి అమ్మకానికి పంపుతారు. నమూనా తీసి పరీక్ష చేస్తారు. అక్కడ పెద్ద చర్చ గొర్రె బాధ గురించి. మెరినో గొర్రెకు తోక కింద చర్మం ముడతలు పడి, అక్కడ ఈగలు గుడ్లు పెట్టి పురుగులు పడతాయి. దానికి విరుగుడుగా 1930 ప్రాంతం నుంచి ఆ చర్మాన్ని కోసివేసే పద్ధతి వచ్చింది. దానిని మ్యూల్సింగ్ అంటారు. న్యూజిలాండ్ 2018లో దీనిని నిషేధించింది. మన దక్కని గొర్రెకు ఈ కోత అవసరం లేదు. ఒంటి మీద ఉన్ని పలుచన, చర్మం ముడతలు పడదు. ఇది మనం గర్వంగా చెప్పుకోవచ్చు, కాని పుస్తకంలో రాసి చెప్పుకోవాలి.

2016లో టెక్స్‌టైల్ ఎక్స్‌చేంజ్ అనే అంతర్జాతీయ సంస్థ బాధ్యతగల ఉన్నికి ఒక ప్రమాణం తెచ్చింది. గొర్రెను చూసే తీరు, మేత భూమిని కాపాడే తీరు రెండూ తనిఖీ చేస్తారు. క్షేత్రం నుంచి బట్ట తయారయ్యే దాకా ప్రతి చోటా తనిఖీ ఉంటుంది. సరుకు చేతులు మారిన ప్రతిసారీ ఒక ధ్రువపత్రం వెంట నడుస్తుంది. దీనికి మూలం బ్రిటన్‌లో 1965 నాటి ఒక విచారణ నివేదిక. దాని నుంచి 1979లో పశువుకు ఐదు స్వేచ్ఛలు అన్న సూత్రం స్థిరపడింది: ఆకలి దప్పులు లేకపోవడం, అసౌకర్యం లేకపోవడం, నొప్పి, గాయం, జబ్బు లేకపోవడం, భయం లేకపోవడం, తన సహజమైన తీరులో మెలగగలగడం. బర్రెను ప్రేమగా చూసుకునే మన సభ్యులకు ఇవి కొత్తవి కావు, రాసి పెట్టడం మాత్రం కొత్త.

జాడ నిలపడానికి మూడు పద్ధతులు ఉన్నాయి. పాలతో పోల్చి చెప్తాను.

1. ఒక్కొక్క మంద ఉన్ని విడిగా ఉంచడం. ఒకే ఆవు పాలు ఒకే చెంబులో ఇంటికి తెచ్చినట్టు. జాడ పూర్తిగా నిలుస్తుంది, శ్రమ ఎక్కువ.

2. ఒక రకం ఉన్ని అంతా కలిపి, వేరే రకంతో కలవకుండా చూడడం. ఆవు పాల క్యాను, బర్రె పాల క్యాను వేరు పెట్టినట్టు. ఏ ఒక్క మందదో తెలియదు గాని, అన్నీ మన మందలవే అని తెలుస్తుంది.

3. సరుకు కలిసినా లెక్క కలవకుండా చూడడం. వచ్చిన బరువుకు మించి అమ్మరు. ఇది అన్నింటికంటె సులువు, అన్నింటికంటె బలహీనం.

మన ఊళ్లకు రెండవ పద్ధతి సరిపోతుంది. ఆవులు, బర్రెల చెవికి 12 అంకెల బిళ్ల వేస్తున్నట్టు ఉన్ని కోసం ప్రతి గొర్రెకు నంబరు వెతకనక్కరలేదు. మంద పేరు, కత్తెర వేసిన రోజు తెలిస్తే చాలు.

ఐదు పుస్తకాలు

గొర్రెల పెంపకందారుల సంఘంలోనో, నేత సంఘంలోనో ఉన్న మన సభ్యులు ఈ కిందివి మొదలు పెట్టవచ్చు.

1. మంద పుస్తకం: కాపరి పేరు, ఊరు, గొర్రెల సంఖ్య, జాతి, రంగు, వేసిన పొట్టేలు, నట్టల మందు, టీకాల తేదీలు.

2. కత్తెర చీటీ: తేదీ, కత్తెర పడిన గొర్రెలు ఎన్ని, వచ్చిన ఉన్ని బరువు, చర్మం తెగిన గొర్రెలు ఎన్ని, వాటికి చేసిన వైద్యం. ముసురు పట్టిన రోజున కత్తెర వేయకూడదు.

3. కొనుగోలు రసీదు: మూట నంబరు, బరువు, ధర, కాపరి సంతకం లేదా వేలిముద్ర. మూట మీద అదే నంబరు కుట్టాలి.

4. వడికినవారి కార్డు: ఇచ్చిన ఉన్ని, తిరిగి వచ్చిన నూలు, చెల్లించిన కూలి. కార్డు ఆమె దగ్గరే ఉండాలి. పాల పాసుపుస్తకం సభ్యుని దగ్గర ఉన్నట్టు.

5. మగ్గం పుస్తకం: ఏ మూట నూలు, ఎవరు నేశారు, గొంగడి బరువు, ఎవరికి అమ్మారు.

వీటిని ఎలా తాళ్లు కలపాలో ఒక ఉదాహరణ. 100 కిలోల ఉన్ని కొన్నారు అనుకుందాం. ఏరి, దులిపి, శుభ్రం చేసిన తరువాత 80 కిలోలు మిగిలింది. ఏకడంలో, వడకడంలో 5 కిలోలు పోయి 75 కిలోల నూలు వచ్చింది. ఒక గొంగడికి రెండున్నర కిలోల నూలు. 30 గొంగళ్లు రావాలి. గదిలో 20 ఉంటే 25 కిలోల నూలు కనిపించాలి. 35 ఉంటే ఆ ఐదు ఎక్కడివని అడగాలి. ఈ తరుగు అంకెలు ఉదాహరణకే. మీ ఊరి ఉన్నికి తరుగు ఎంతో మీరే పది కిలోలు తూచి, శుభ్రం చేసి, మళ్లీ తూచి రాసుకోండి. నేసిన గొంగడి బరువులో గంజి బరువు కలిసి ఉంటుందని మరవరాదు. అందుకే నూలు బరువును మగ్గానికి ఎక్కించక ముందే తూచాలి.

పుస్తకం అబద్ధం కూడా చెప్పగలదు. అందుకని ఏడాదికి రెండు సార్లయినా చెప్పకుండా పోయి మూటలు తూచాలి. ఆ తూకానికి ఒక కాపరిని, వడికే ఒక అమ్మను సాక్షులుగా పిలవాలి. వారికి తెలిసినంత ఇన్‌స్పెక్టరుకు తెలియదు. ఇది నా అనుభవం.

ఒక హెచ్చరిక. పాల సంఘం ఉపవిధుల్లో ఉన్ని వ్యాపారం ఉండదు. కాబట్టి పాల సంఘం డబ్బుతో ఉన్ని కొనరాదు, ఆ లెక్కలను పాల లెక్కల్లో కలపరాదు. సంఘం చేయగలిగిన సాయం వేరే ఉన్నది: తూకం, రికార్డు రాసే అలవాటు, సమావేశానికి చోటు.

ఉన్ని తక్కువైన ఏడాది ఏం చేయాలి? నూలు బయటి నుంచి తెచ్చుకోవడం నేరం కాదు. తెచ్చిన సంగతి చీటీ మీద రాయకపోవడం నేరం. "సగం మన ఉన్ని, సగం బయటి నూలు" అని రాసి తక్కువ ధరకు అమ్మిన గొంగడికి గౌరవం ఉన్నది.

"గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరినట్టు" అని మనవాళ్లు నవ్వుతారు. ఇంత లెక్క ఎందుకు అని కొందరు అదే మాట అనవచ్చు. కాని లెక్క లేకపోతే పట్నంలో పలికే ధర అమ్మేవాని దగ్గరే ఆగిపోతుంది. లెక్క ఉంటే అదే ధరను చూపి కాపరి అడగగలడు, వడికే అమ్మ అడగగలదు. ఉన్నికి ధర వస్తే కంప మీద పారేయరు. పారేయకపోతే నల్ల పొట్టేలును మందలో ఉంచుతారు. పొట్టేలు ఉంటేనే దక్కని గొర్రె ఉంటుంది. అది లేకపోతే మనం ఎంత మాట్లాడుకున్నా ఎక్కడ వేసిన గొంగడి అక్కడే.

వచ్చే కత్తెర నాటికి మీ ఊళ్లో ఒక్క మందకైనా చీటీ రాసి చూడండి. ఒక కలం, ఒక నోటు పుస్తకం, ఒక తూకం చాలు. మొదటి మూట మీద నంబరు కుట్టే పని ఆ మంద కాపరి చేతనే చేయించండి.